పెద్దాయన లేకపోతే

నా ఉద్యోగం ఏమిటో మా ఇంట్లో ఇప్పటికీ ఎవరికీ సరిగ్గా తెలియదు. హిందూపురంలో మా వీధివాళ్ళు అడిగితే మా ఆయన "పాత రాళ్ళ ఆఫీసు" అని చెప్తాడు. మా అత్తగారు దాన్ని ఇంకా కుదించి "రాళ్ళ పనికి పోతాది" అంటుంది. ఆ మాట విన్న కొత్తవాళ్ళు నా చేతుల వైపు జాలిగా చూస్తారు. నేను చేసేది రాళ్ళు కొట్టడం కాదు. పెనుకొండ, ధర్మవరం, హిందూపురం చుట్టుపక్కల పాత బావులో, పాత మంటపాలో, పాత చీరల అంచుల నమూనాలో కాపాడుకుంటామని పూనుకున్న చిన్న చిన్న సంఘాలుంటాయి. అవి మొదటి ఏడాది ఫొటోలు దిగుతాయి, రెండో ఏడాది పోట్లాడుకుంటాయి, మూడో ఏడాదికి బోర్డు మాత్రం మిగులుతుంది. అట్లా కాకుండా వాటిని నిలబెట్టడం నా పని. మనం పోవడం మానేసినా సంఘం నడుస్తుంటేనే మన పని అయినట్టు అని, బెంగళూరులోని మా ఆఫీసువాళ్ళు చేరిన రోజే చెప్పారు. నేను బుద్ధిగా తలూపాను. నాకు ముక్కుమీద కోపమని వాళ్ళకు అప్పటికింకా తెలియదు.

నాకు అప్పగించిన సంఘాల్లో పెనుకొండది అందరికంటే గట్టిది అనుకునేదాన్ని. కొండ కింద ముళ్ళకంపలో పడి, ఎవరికీ పట్టకుండా ఉన్న ఒక దిగుడుబావిని వాళ్ళు బయటపెట్టారు. రెండేళ్ళపాటు ప్రతి ఆదివారం తట్టలతో పూడిక ఎత్తి పోశారు. పేరుకు సంఘంలో పదీ పదిహేను మంది ఉంటారు గానీ పని నడిపేది ముగ్గురే. మిగతావాళ్ళు ఫొటోకి నిండుగా ఉంటారు. ఏ సంఘంలోనైనా అంతేనని నాకు ఈ ఉద్యోగంలో చేరిన నెలకే అర్థమైంది.

ఆ ముగ్గురిలో మొదటివాడు అధ్యక్షుడు. ఊరంతా ఆయన్ని పెద్దాయన అంటుంది, నేనూ అదే అంటాను. డెబ్బై దాటాయి. ఆయన వాళ్ళది నీరుగంటి వంశం. చెరువు తూము ఎప్పుడు ఎత్తాలి, ఎవరి మడికి ఎంతసేపు నీళ్ళు వదలాలి అని చూసే మనిషిని మా వైపు నీరుగంటి అంటారు. చెరువు కింద సాగు ఎప్పుడో పోయింది గానీ ఆయనలోని నీరుగంటి పోలేదు. వీధిలో ఎవరింట్లో కొళాయి కారుతున్నా అడక్కుండా లోపలికి పోయి కట్టేసి వస్తాడు. ఒకసారి ఎవరో స్నానం చేస్తుంటే కూడా కట్టేశాడని చెప్పుకుంటారు.

రెండో మనిషి సెక్రటరీ, మసీదు వీధిలో టైలరు. దేన్నైనా టేపుతో కొలిస్తే తప్ప నమ్మడు. మూడో మనిషి బస్టాండు దగ్గర టిఫిన్ అంగడి నడిపే ఆమె. పొద్దున్నే ఆమె బొరుగులతో చేసే ఉగ్గాణి కోసం బస్సులు కూడా రెండు నిమిషాలు ఆగుతాయి కాబట్టి ఆమెను అందరూ ఉగ్గాణి అక్క అంటారు. నలభై మందికి సరిపడే డేగిసాను ఒక్కతే పొయ్యి మీదనుంచి దించుతుంది. ఆమె ఎదురు పడితే టైలరు కూడా పక్కకు తప్పుకుంటాడు.

ఇక బావి సంగతి. అది ఊటబావి కాదు. కొండమీద పడిన వాన ఒక రాతి కాలువ గుండా వచ్చి అందులో పడాలి. కాలువ చివరి పది బారలు మాత్రమే కంటికి కనబడుతుంది, పైకి పోయేకొద్దీ బండల కింద దూరిపోయి ఎటు పోతుందో తెలియదు. ఆ పైన ఎక్కడో ఒక పలకరాయి ఉంది. తొలకరికి ముందు దాన్ని ఎత్తిపెడితే, మొదటి వానల్లో కొట్టుకొచ్చే ఎర్రమట్టి నీళ్ళన్నీ పక్కనున్న వంకలోకి పోతాయి. నీళ్ళు తేటబడ్డాక రాయిని మళ్ళీ దించితే మంచినీళ్ళు బావిలోకి వస్తాయి. ఆ రాయి ఎక్కడుందో పెద్దాయన ఒక్కడికే తెలుసు. ఏటా రోహిణి కార్తె ముగిసేలోపు ఒక తెల్లవారుజామున గడ్డపార భుజాన వేసుకుని ఒంటరిగా పోయి వస్తాడు. వెంట వస్తామంటే నీరుగంటి పని నలుగురిలో చేసేది కాదంటాడు.

కిందటేడు పెద్దాయన కొండెక్కి వచ్చినా ఎందుకో బావిలోకి బురద వచ్చింది. మూడు మెట్లు మునిగాయి. మేకలు తొక్కి కాలువ కట్ట తెంచేశాయని పెద్దాయన చెప్పాడు. ఊరంతా మేకలవాళ్ళ మీద పడింది. వాళ్ళు పాపం తమ మేకలు ఆ పక్కకే పోవని ప్రమాణాలు చేశారు గానీ మేకల మాట ఎవరు నమ్ముతారు?

ఈ ఏడు ఎండాకాలంలో మా ఆఫీసు నుంచి ఒక ఫారం వచ్చింది. అన్ని సంఘాల చేత నింపించి పంపాలి. అందులో ఒక ప్రశ్న "కీలక వ్యక్తి అందుబాటులో లేని పక్షంలో సంస్థాగత కొనసాగింపు వ్యూహం" అని ఉంది. టైలరు అంగడి మీద రేకుల గదిలో అందర్నీ కూర్చోబెట్టి అది చదివాను. టైలరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఉగ్గాణి అక్క అది ఏ దేవుడి స్తోత్రమని అడిగింది. ఇంకోసారి చదివాను. పెద్దాయనతో సహా అందరూ నన్ను మర్యాదగా చూస్తూ కూర్చున్నారు. బయట ఎండ మండిపోతోంది, రేకుల కింద మేం ఉడికిపోతున్నాం, నాకు విసుగొచ్చింది. విసుగొస్తే నా నోట్లో మాట నిలవదు.

"రేపు పెద్దాయన లేకపోతే ఏం చేస్తారు? అంతే, ఇందులో అడిగింది అదే" అన్నాను.

అప్పుడే గోడమీద బల్లి పలికింది.

మా వైపు బల్లి పలికిందంటే అన్న మాట అక్షరాలా జరిగి తీరుతుంది. క్షణంలో గదిలో ఉన్న అందరి వేళ్ళూ నేలమీద టకటక కొట్టుకున్నాయి, కృష్ణ కృష్ణ అని గొణుగుళ్ళు వినబడ్డాయి. తనకు బల్లి నమ్మకం లేదని టైలరు నా చెవిలో అన్నాడు. అంటూనే తన వేలితో మూలనున్న పాత కుట్టుమిషను బల్లని రెండుసార్లు తట్టాడు. పెద్దాయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, పనుందని మెట్లు దిగి పోయాడు. నా ఫారంలో ఆ గడి ఖాళీగా ఉండిపోయింది.

మరుసటి రోజు జరిగింది నేను తర్వాత విన్నాను. పొద్దున ఏడింటికే మొదటి బ్రెడ్డు పెద్దాయన ఇంటికి చేరింది. తెచ్చింది టైలరే. పదింటికి హార్లిక్స్ సీసా, మధ్యాహ్నానికి డజను బత్తాయిలు, మళ్ళీ రెండు బ్రెడ్లు. వచ్చినవాళ్ళందరూ గుమ్మంలోనే గొంతు తగ్గించి, ఎట్లా ఉంది ఒంట్లో అని అడిగారు. ఒకరు ఏ ఆసుపత్రిలో చూపిస్తున్నారని అడిగారు. ఇంకొకరు షుగరుకి మా ఊళ్ళో ఆకుమందు ఇస్తారని చెప్పి, మనిషిని పంపిస్తామన్నారు. సాయంత్రానికి కబురు రొళ్ల దాకా పోయి, అక్కడి పాత స్నేహితుడొకడు చివరి చూపు చూసుకుందామని బస్సెక్కి వచ్చేశాడు. ఆయన వచ్చేసరికి పెద్దాయన పంచె ఎగ్గట్టి ప్రహరీకి సున్నం కొడుతున్నాడు. స్నేహితుడి మొహం చిన్నబోయిందట. అంత దూరం వచ్చాక మనిషి ఇంత బాగా ఉంటే ఎవరికైనా కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది.

మూడోరోజు పెద్దాయన ఇంటికి తాళం పడింది. ధర్మవరంలో కూతురి దగ్గరికి పోయాడు. పోతూ పోతూ పక్కింటామెతో సంఘానికి ఒక మాట చెప్పమన్నాడు, "నేను ల్యాను అనుకోని నడిపించుకోమను."

ఆ సంగతి నేను బెంగళూరుకి ఫోన్ చేసి చెప్పాను, ఎంతో కొంత ఓదారుస్తారని ఆశ. అవతలి మనిషి సంతోషించాడు. కాగితం మీద రాసేదానికంటే ఇది మేలట, సంఘానికి నిజమైన పరీక్ష అట, జరిగేదంతా రోజువారీగా రాసిపెట్టమన్నాడు. నేను ఫోన్ పెట్టేసి మా ఆయన మీద అరిచాను. ఆయన ఏమీ చేయలేదు, దగ్గరలో ఉన్నాడు అంతే.

పరీక్ష అంటే పరీక్షే. రోహిణి కార్తె అయిపోవస్తోంది. రాయి ఎత్తకుండా గట్టి వాన పడితే రెండేళ్ళు తట్టలతో మోసిన మట్టి ఒక్క పూటలో మళ్ళీ బావిలోకి వచ్చి కూర్చుంటుంది. కిందటేటి బురద ఎత్తడానికే సగంమంది సంఘం వదిలిపోయారు. ఈసారి నిండితే ఇంక ఎవరూ తట్ట పట్టరని ఉగ్గాణి అక్క తేల్చి చెప్పింది. అందుకని రాయి వెతకడానికి కొండెక్కాం.

మూడు రోజులు వెతికాం. పెద్దాయన పోయేటప్పుడు చూశామని చెప్పినవాళ్ళు నలుగురు తేలారు, నలుగురూ నాలుగు దిక్కులు చూపించారు. టైలరు టేపు పట్టుకుని కనబడే కాలువ కొసనుంచి పైకి కొలుచుకుంటూ పోయి, లెక్క ప్రకారం ఇక్కడే ఉండాలని ఒకచోట సుద్దముక్కతో గీత గీశాడు. అక్కడ గంటసేపు తవ్వితే ఒక పాత చెప్పు దొరికింది. అది చాలా పాతదని, దాచిపెట్టాలని సంఘ సభ్యుడొకడు పట్టుబట్టాడు. దాని అడుగున కంపెనీ ముద్ర చూపించేదాకా వదల్లేదు. మధ్యాహ్నాలు ఉగ్గాణి అక్క పొట్లాలు విప్పేది. కొండమీద చదునుగా, నీడపట్టున ఉన్న ఒక బండ చూసుకుని మూడు రోజులూ దానిమీదే కూర్చుని తిన్నాం. తింటూ పెద్దాయనను తిట్టుకున్నాం. నేను అందరికంటే ఎక్కువ తిట్టాను. ఆ కోపంలో సగం నామీదేనని నాకు తెలుసు. బల్లికి నేనే మాట అందించాను.

నాలుగోరోజు పడమర మబ్బు కట్టింది. ఇంక లాభం లేదని టైలరు, ఉగ్గాణి అక్క, నేను ధర్మవరం రైలెక్కాం. పండ్లు తీసుకుపోదామని నేనంటే ఇద్దరూ నన్ను భయంగా చూశారు. పండ్లు చూస్తే, తనకు జబ్బని మేం ఇంకా నమ్ముతున్నామని ఆయన అనుకుంటాడు. చివరికి ఉగ్గాణి అక్క అప్పటికప్పుడు పూర్ణం పెట్టి పండగ ఓళిగలు చేసి స్టీలు డబ్బాలో పెట్టింది. ఓళిగలు ఎవరూ చావుకి తేరు కాబట్టి అది సరైన నిర్ణయమే.

కూతురి ఇల్లు మగ్గాల వీధిలో. అల్లుడు పట్టుచీరలు నేస్తాడు. గుమ్మంలోకి పోయామో లేదో అల్లుడు చెంబుతో నీళ్ళిచ్చే వంకతో నన్ను పక్కకు పిలిచాడు. మామ వచ్చినప్పటినుంచి మగ్గం పక్కనే కూర్చుని, ఇక్కడ దారం బిగువు, ఇక్కడ వదులు, ఇటు తిప్పు, అటు ఆపు అంటున్నాడట. తన జీవితంలో నీళ్ళను తిప్పినట్టే దారాన్ని కూడా తిప్పాలనుకుంటున్నాడు. అంచులో తప్పు పడి రెండుసార్లు విప్పాల్సివచ్చింది. దయచేసి తీసుకుపొమ్మని, మళ్ళీ అట్లాంటి ప్రశ్న అడగొద్దని అల్లుడు చేతులు జోడించినంత పనిచేశాడు. చీర పెళ్ళివాళ్ళదట.

కూతురు టైలర్నీ ఉగ్గాణి అక్కనీ లోపల కూర్చోబెట్టి అన్నం పెట్టింది. పెద్దాయన నాతో మాట్లాడాలని నన్ను మగ్గం గదిలోకి రమ్మన్నాడు. నేను తిట్లు తినడానికి సిద్ధమై పోయాను. అల్లుడు మర్యాదకు నేత ఆపబోతే పెద్దాయన ఆపొద్దన్నాడు, ఆడిస్తూనే ఉండమన్నాడు. పెద్దాయన ఎందుకట్లా అన్నాడో నాకు అప్పుడు అర్థం కాలేదు. మగ్గం చప్పుడులో పక్క మనిషి మాట పక్క మనిషికే వినబడుతుంది. లోపలున్న కూతురికి వినబడదు.

"నువ్వు అడిగినావని కోపం ల్యా నాకు" అన్నాడు. "పోయినేడు నా చేత రాయి లెయ్యల్యా. గడ్డపార ఏసి ఏసి, కండ్లు తిరిగి ఆడనే కూలబడిపోతి. మేకలు గాదు, ఏమీ గాదమ్మా."

నాకు అంతా అప్పుడు అర్థమైంది. ఆ ప్రశ్న అడిగిన రోజు ఆయన తువ్వాలు దులుపుకుని పోయింది అవమానంతో కాదు, భయంతో. ఈ ఏడు కూడా రాయి లేవదని ఆయనకు తెలుసు. అలిగి పోవడానికి నేనొక మంచి సాకు ఇచ్చాను. బావి పాడైనా అలిగి పోయినందుకే పాడైందంటారు, చేతకాక అని ఎవరూ అనరు.

మాకు చెప్పి ఉంటే నలుగురం ఎత్తేవాళ్ళం కదా పెద్దాయనా అన్నాను.

"ఎత్తుతారు. తావు జూపిస్తే ఎవురైనా ఎత్తుతారు" అన్నాడు. "ఆమీట నన్ను ఏంటికి పిలుస్తారు?"

ఈ ఉద్యోగంలో నాకు ఇచ్చిన పుస్తకాలు గుర్తు తెచ్చుకున్నాను. తెలిసింది నలుగురికీ పంచితే సంఘం నిలబడుతుందని రాసుంది గానీ, పంచేసినవాడు సాయంత్రాలు ఎక్కడ కూర్చోవాలో రాయలేదు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏడిస్తే ఆయన ఇంకా కుంగిపోతాడని, ఎదురుగా ఉన్న చీర అంచు చూస్తున్నట్టు నటించాను.

లోపలినుంచి ఉగ్గాణి అక్క, టైలరు చేతులు కడుక్కుని వచ్చారు. ఏమన్నాడు పెద్దాయన అని కళ్ళతోనే అడిగారు. ఆయన నేలచూపులు చూస్తున్నాడు. అప్పుడు నేను నోరు తెరిచి ఒక అబద్ధం చెప్పాను. పెద్దాయనకు మనమీద కోపం లేదు, ఆయన ఎదురుచూసేది వేరు, పన్నెండేళ్ళకొకసారి రాయిని నీరుగంటి ఎత్తకూడదట, ఊరివాళ్ళ చేత ఎత్తించాలట, అది వాళ్ళ వంశంలో ఆచారమట, ఈ ఏడు ఆ లెక్క వచ్చిందట, మనం అడగకుండా ఆయనంతట ఆయన చెప్పకూడదట అన్నాను. వారసత్వం కాపాడమని జీతమిస్తుంటే మగ్గం పక్కన నిలబడి కొత్త వారసత్వం తయారుచేశాను. బెంగళూరువాళ్ళు వింటే ఉద్యోగం ఊడేది.

పెద్దాయన తలెత్తి నన్ను చూశాడు. ఒక్క క్షణం నేనెవరో తెలియనట్టు చూశాడు. ఆపైన గొంతు సవరించుకున్నాడు.

పన్నెండు కాదమ్మా, మా తాత లెక్కలో పదకొండు అన్నాడు.

రైల్లో పెనుకొండ చేరేసరికి ఆ ఆచారానికి ఏడు నియమాలు పుట్టాయి. ఎత్తేవాళ్ళు ముగ్గురుండాలి. అందులో ఒక ఆడమనిషి తప్పనిసరి. కాళ్ళకు చెప్పులుండకూడదు. ఎత్తేముందు శనక్కాయలు, బెల్లం పంచాలి. గడ్డపార ఉత్తరం దిక్కునుంచి వేయాలి. సెల్‌ఫోన్లు కింద పెట్టి రావాలి. ఏడోది ఏమిటని టైలరు నోటు పుస్తకం తెరిచి అడిగితే, అది కొండమీదే చెప్తానన్నాడు. నేను చెప్పింది ఒక్క అబద్ధం. ఆయన ఆరు కల్పించాడు, ఒక్కదానికీ తడుముకోలేదు. నాకు ముచ్చటేసింది, కొంచెం అసూయ కూడా కలిగింది.

మర్నాడు పొద్దున కొండెక్కాం. టైలరు నెత్తిన ఒక ప్లాస్టిక్ కుర్చీ మోసుకొచ్చాడు. పెద్దాయన ఇరవై అడుగులకొకసారి అందులో కూర్చుని, ఇక్కడినుంచి ఊరు ఎట్లా కనబడుతుందో చూడమనేవాడు. చూసేదేమీ లేకపోయినా అందరం చూసేవాళ్ళం. అట్లా పోయి పోయి ఒకచోట ఆగి చేతికర్రతో చూపించాడు. మేం మూడు రోజులూ ఉగ్గాణి తిన్న బండ.

బండ పక్కన మేం పడేసిన పేపరు పొట్లాలు ఇంకా ఉన్నాయి. ఆయన వాటిని చూసి, మా వాళ్ళు ఈడనే తినేవాళ్ళు, మంచి తావే జూసుకున్నారు అన్నాడు. టైలరు తన సుద్దగీత వైపు ఒకసారి చూసి మొహం తిప్పుకున్నాడు.

గడ్డపార అందుకోవడానికి పెద్దాయన చెయ్యి చాపాడు. అలవాటైన చెయ్యి, అనుకోకుండానే ముందుకొచ్చింది. ఉగ్గాణి అక్క గడ్డపారను తన వైపుకు లాక్కుంది. ఎవరి మొహమూ చూడకుండా, కొంగు నడుముకి దోపుకుంటూ అంది:

"పెద్దోళ్ళు గడ్డపార ముట్టుకోగూడదని గూడా ఉండాది గదా పెద్దాయనా, మీ ఆచారంలో. ఆ ఏడోది అదేనేమో?"

ఆయన చేతిని వెనక్కి తీసుకున్నాడు. కుర్చీలో కూర్చున్నాడు.

"అవును. అదే ఏడోది" అన్నాడు.

ఆమెకు మొదటినుంచీ తెలుసునని అప్పుడు తెలిసింది. కిందటేడు బురద మోసేటప్పుడే తెలిసిందట. నీరుగంటి రాయి ఎత్తి ఉంటే అంత మన్ను రాదు కదా మేడం, అని దిగేటప్పుడు మామూలుగా అంది. మేకలవాళ్ళు తిట్లు తింటుంటే నువ్వు ఊరుకున్నావా అన్నాను. మేకలకు సిగ్గుండదు, మనిషికి ఉంటుంది అని నడిచిపోయింది. ఆ తర్వాత మేకలవాళ్ళకు ఆమె వారంపాటు డబ్బు తీసుకోకుండా టిఫిన్ పెట్టిందని విన్నాను.

ముగ్గురం కలిసి నాలుగోసారికి రాయి ఎత్తాం. నా అరచేతులు బొబ్బలెక్కాయి. ఇంటికి పోయాక మా అత్తగారు అవి చూసి, నేను చెప్తానే ఉన్నా గదా రాళ్ళ పనని, అని గెలిచినట్టు మొహం పెట్టింది.

మూడోరోజు తొలకరి పడింది. అందరం కొండమీదే ఉన్నాం. ఎర్రనీళ్ళు బుసబుసా వచ్చి, బావి వైపు పోకుండా వంకలోకి దూకాయి. పెద్దాయన గొడుగు కింద కుర్చీలో కూర్చుని, ఇప్పుడే దించగూడదు, ఇప్పుడే దించగూడదు అని అందరికీ చెప్తూ ఉన్నాడు. రాయి ఎప్పుడు దించాలో కూడా నేర్పించాడు. దోసిట్లో నీళ్ళు పట్టాలి. నీళ్ళ అడుగున అరచేతి గీతలు కనబడితే అదను వచ్చినట్టు. కనబడకముందు దించితే బురద, చాలా ఆలస్యం చేస్తే మంచినీళ్ళన్నీ వంకపాలు. ఒక్కొక్కరి చేతిలో నీళ్ళు పట్టించి, ఒక్కొక్కరి చేతిలోకి తొంగి చూసి, కాదు అన్నాడు. ఆ సాయంత్రం ఆయన ఎంత సంతోషంగా ఉన్నాడంటే, కిందికి దిగేటప్పుడు మూడుసార్లే కూర్చున్నాడు.

నేను ఫారంలో ఖాళీ గడి నింపి బెంగళూరుకి పంపాను. "ముగ్గురు సభ్యులు శిక్షణ పొందారు" అని రాశాను. చాలా బాగుందని జవాబొచ్చింది. పదకొండేళ్ళ ఆచారం సంగతి రాయలేదు. దాన్ని టైలరు అప్పటికే సంఘం పుస్తకంలో, పూర్వకాలం నుంచి వస్తున్నది అని ఎర్రసిరాతో ఎక్కించేశాడు.

తర్వాతి వారం హిందూపురంలో ఉరుములు మెరుపులతో వాన దంచికొట్టింది. మధ్యాహ్నం మొదలై సాయంత్రం దాకా పడింది. పెనుకొండలో కూడా పడుతోందని రైలు దిగినవాళ్ళు చెప్పారు. నేను ఫోన్ పక్కనే పెట్టుకుని కూర్చున్నాను. ఇవాళే రాయి దించే రోజు, నీళ్ళు తేటబడ్డాయా లేదా అని ఎవరో ఒకరు అడుగుతారు, నేను పెద్దాయనను అడగమంటాను, అదీ నా లెక్క. ఫోన్ మోగలేదు. నేను చేస్తే టైలరు ఎత్తలేదు. ఉగ్గాణి అక్క ఎత్తలేదు. వంట చేస్తూ చేస్తూ నాలుగుసార్లు చూశాను. వీళ్ళు మర్చిపోయారు, బావి మునిగింది, అంతా బూడిదలో పోసిన పన్నీరైంది అనుకుంటూ పడుకున్నాను.

పొద్దున్నే మొదటి రైలెక్కి పోయాను. దారి పొడుగునా వాళ్ళను ఏమనాలో వరసగా కూర్చుకున్నాను. స్టేషన్లో దిగి ఆటోవాడి మీద కూడా ఊరికే చిర్రుబుర్రులాడాను.

బావి దగ్గర నీళ్ళు నిలబడి ఉన్నాయి. ఆరు మెట్లు మునిగి, ఏడో మెట్టు దాకా నీళ్ళు. అడుగు మెట్టు మీద ఉలి గాట్లు కూడా కనబడేంత తేట. పైన వంక ఎండినట్టు సన్నగా పారుతోంది. రాయి దించారు. సరిగ్గా అదనులో దించారు. ఉగ్గాణి అక్క, టైలరు ఇద్దరే వానలో పోయి, చేతిలో నీళ్ళు పట్టి చూసుకుని, ఫోన్లు కింద పెట్టి, చెప్పులు విడిచి, దించి వచ్చారని అంగడి దగ్గర ఎవరో చెప్పారు. పొద్దున ఎప్పటిలాగే ఒకరు మిషను ముందు, ఒకరు పొయ్యి ముందు ఉన్నారు.

అన్నిటికంటే పై మెట్టు మీద పెద్దాయన ఒక్కడే కూర్చుని ఉన్నాడు. మొహం మాడ్చుకుని ఉన్నాడు. నేను చేసిన పని ఇది, నా పని అయిపోయింది, నేను సంతోషపడాల్సిన పొద్దు ఇదే అని నాకు తెలుసు. ఆయన పక్కన నిలబడి, నీళ్ళు బాగా వచ్చాయి పెద్దాయనా అన్నాను.

"వచ్చినాయి" అన్నాడు. "నన్ను పిలవల్యా. నిన్నన్నా పిలిచినారా?"

"లేదు" అన్నాను.

"అయితే కూకో" అని ఆయన కొంచెం పక్కకు జరిగాడు.